పాత గేమ్‌కు పాత వేగమే కావాలి: ఒక పెంటియం 233 కేస్ స్టడీ

పాత కంప్యూటర్లను బాగుచేసి, ఆ కాలం గేమ్‌లు వాటి మీదే ఆడేలా అమర్చడం నా పని. నా దగ్గరకు వచ్చేవాళ్లు ఎక్కువమంది "ఇంకొంచెం స్పీడ్ పెంచగలరా?" అనే మొదలుపెడతారు. చాలాసార్లు నేను చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఈ కేసులో అది బాగా స్పష్టంగా కనిపించింది కాబట్టి పూర్తిగా రాసి పెడుతున్నాను.

ఓనర్ యాభై దాటిన మనిషి. ఆయన తెచ్చినవి ఒక పాత టవర్ కేసు, 15 అంగుళాల సీఆర్‌టీ మానిటర్, 15 పిన్నుల జాయ్‌స్టిక్, రెండు పెట్టెల నిండా ఫ్లాపీలు, సీడీలు. ఆడాలనుకున్నవి మూడు: 1990 నాటి వింగ్ కమాండర్, 1992 నాటి అల్టిమా 7, 1996 నాటి క్వేక్. క్వేక్‌ను సాఫ్ట్‌వేర్ మోడ్‌లో కాదు, 3డీ కార్డు మీద, సీడీ మ్యూజిక్‌తో ఆడాలి.

ఇలాంటి కేసు వచ్చినప్పుడు ముందుగా ఎమ్యులేటర్ గురించే, అంటే కొత్త కంప్యూటర్‌లో పాత కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రామ్ గురించే చెబుతాను. డాస్ (విండోస్‌కు ముందు కాలపు సిస్టమ్) గేమ్‌లకు డాస్‌బాక్స్ నిజంగా మంచి సాఫ్ట్‌వేర్. చాలామందికి అదే సరిపోతుంది, పాత ఇనుము మోయాల్సిన అవసరమే ఉండదు. ఆయనకూ అదే చెప్పాను.

"చూశాను బాబూ, బాగానే నడుస్తుంది. కానీ నా సేవ్‌లు అందులో లేవు కదా. ఈ జాయ్‌స్టిక్ పెట్టుకునే చోటూ లేదు."

"సేవ్‌లు ఈ డిస్క్‌లోనే ఉన్నాయా సార్?"

"ఉండాలి. అప్పటినుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు."

ఆ మాట విన్నాక నాకు టెన్షన్ మొదలైంది. గేమ్‌లు మళ్లీ ఎక్కించుకోవచ్చు. సేవ్ ఫైల్, అంటే ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకున్న ఫైల్, పోతే మాత్రం ఇంకెక్కడా దొరకదు.

స్విచ్ వేయకముందు

ఏళ్ల తరబడి మూల పడి ఉన్న మెషీన్‌కు నేరుగా కరెంటు ఇవ్వకూడదు. ఈ నియమాన్ని నేను ఎప్పుడూ తప్పను. పవర్ సప్లై విప్పి చూస్తే, మెయిన్స్ కరెంటు లోపలికి వచ్చే చోట ఉండే పేపర్ కెపాసిటర్ పైపొర నిండా సన్నటి పగుళ్లు. వాటిలోంచి లోపలికి తేమ దిగుతుంది. అలాంటిదానికి కరెంటు ఇస్తే కాసేపు పనిచేసి, ఆ తర్వాత గది నిండా పొగ. దాన్ని తీసేసి అదే విలువ ఉన్న కొత్త ప్లాస్టిక్ ఫిల్మ్ రకం పెట్టాను. ఆ తర్వాత సప్లైని బోర్డుకు కలపకుండా విడిగా లోడ్ పెట్టి, 5 వోల్టుల లైను, 12 వోల్టుల లైను మీటరుతో చూశాను. ఈ తరం బోర్డులు ఎక్కువ కరెంటు 5 వోల్టుల నుంచే లాగుతాయి. కాబట్టి అక్కడ ఓల్టేజీ నిలకడగా ఉండటం ముఖ్యం.

ఇది ఏటీ అనే పాత రకం సప్లై. బోర్డుకు వెళ్లే ప్లగ్గులు రెండు, పీ8, పీ9. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు నల్ల వైర్లన్నీ మధ్యలో కలవాలి. తారుమారైతే బోర్డు పోయినట్లే. ఎన్నిసార్లు చేసినా, ఆ నల్ల వైర్లను వేలితో తడిమి చూసుకున్నాకే స్విచ్ వేస్తాను.

హార్డ్ డిస్క్‌ను ఆ మెషీన్‌లో అసలు తిప్పలేదు. బయటికి తీసి, అడాప్టర్‌తో కొత్త కంప్యూటర్‌కు కలిపి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో ఇమేజ్, అంటే డిస్క్ మొత్తానికి నకలు, తీశాను. పాడైన చోట మొండిగా మళ్లీ మళ్లీ చదవకుండా, ముందు బాగున్న భాగమంతా తీసేసుకుని ఆ తర్వాతే కష్టమైన చోటికి వెళ్లడం దాని పద్ధతి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కు ఆ వరుసే ప్రాణం. కొన్ని సెక్టార్లు (డిస్క్‌లోని చిన్న ముక్కలు) ఎంతకీ రాలేదు. అవి ఏ ఫైల్స్‌వో వెతికితే, పాత విండోస్ హెల్ప్ ఫైల్స్‌లో పడ్డాయి. వింగ్ కమాండర్ ఫోల్డర్, సేవ్‌తో సహా, చెక్కుచెదరకుండా ఉంది. ఆయనకు వెంటనే ఫోన్ చేసి చెప్పాను, పని మొదలవక ముందే.

ఇక బోర్డు. గడియారం చిప్ డాలస్ డీఎస్12887. దీని బ్యాటరీ బయట కనిపించదు, చిప్ లోపలే పోత పోసి ఉంటుంది. పదేళ్లకు పైగా వస్తుందని తయారీదార్లే చెప్పారు, ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆన్ చేసిన ప్రతిసారీ బయోస్ (ఆన్ చేయగానే బోర్డు మీద నడిచే తొలి ప్రోగ్రామ్) సెట్టింగులు మాయం. అదృష్టం బాగుండి ఈ బోర్డు మీద అది సాకెట్‌లో ఉంది. తీసి, అదే రకం కొత్తది పెట్టాను. నేరుగా అతికించి ఉంటే చిప్ పక్కభాగం జాగ్రత్తగా అరగదీసి, లోపలికి వంచి దాచిన పిన్నులను పట్టుకుని బయట కాయిన్ సెల్ కలపాల్సి వచ్చేది. అదీ చేశాను వేరే మెషీన్ల మీద. కానీ సాకెట్ ఉన్నప్పుడు ఆ సాహసం అనవసరం.

పాత డిస్క్ స్థానంలో 4 జీబీ కాంపాక్ట్‌ఫ్లాష్ మెమరీ కార్డును ఐడీఈ (పాత డిస్క్‌ల కనెక్షన్) అడాప్టర్‌తో పెట్టి, ఇమేజ్‌లోని ఫైల్స్‌ను రెండు ఫ్యాట్16 (ఫైల్స్ దాచే పాత పద్ధతి) భాగాలుగా ఎక్కించాను. ఒక భాగం 2 జీబీ దాటకూడదు కాబట్టి రెండు. ఇంతకంటే పెద్ద కార్డు పెడితే బయోస్ హద్దులతో తిప్పలు తప్ప లాభమేమీ లేదు. అసలు డిస్క్‌ను కవర్‌లో పెట్టి ఆయనకే ఇచ్చేశాను.

ప్రాసెసర్ మార్చాలా?

ఉన్నది పెంటియం ఎంఎంఎక్స్ 233 (233 మెగాహెర్ట్జ్). "దీన్ని తీసేసి కే6-2 పెడితే క్వేక్ ఇంకా బాగా నడుస్తుందేమో" అని, ఏఎండీ వారి ప్రాసెసర్ గురించి ఆయనే అడిగారు. వద్దన్నాను. బోర్డు ఆ ఓల్టేజీ ఇవ్వగలదా అనేది ఒక ప్రశ్న. అంతకంటే పెద్ద సంగతి, ఒకే పనిని మళ్లీ మళ్లీ తిప్పే లూప్ అనే ఇన్‌స్ట్రక్షన్‌ను కే6-2 పెంటియం కంటే చాలా త్వరగా పూర్తిచేస్తుంది. టర్బో పాస్కల్ అనే భాషలో రాసిన పాత ప్రోగ్రామ్‌లు మొదలవగానే ఒక గడియారపు టిక్‌లో ఎన్ని లూపులు తిరిగాయో లెక్కపెట్టి, దాన్ని 55తో (ఒక టిక్‌లోని మిల్లీసెకన్ల సంఖ్యతో) భాగిస్తాయి. ప్రాసెసర్ మరీ వేగంగా ఉంటే ఆ జవాబు 16 బిట్లలో పట్టదు, రన్‌టైమ్ ఎర్రర్ 200 అని ఆగిపోతుంది. దానికి ప్యాచ్‌లు ఉన్నాయి. కానీ ఒక ఇబ్బందిని కొని తెచ్చుకుని దానికి ప్యాచ్ వెతకడం దేనికి? ఎంఎంఎక్స్ 233 బలం వేరే చోట ఉంది: అది వేగంగా నడుస్తుంది, అడిగితే తగ్గుతుంది కూడా.

మెమరీ మాత్రం తగ్గించాను. ఎవరో 128 ఎంబీ పెట్టి ఉంచారు. బోర్డు మీది చిప్‌సెట్ 430టీఎక్స్, దాని ఎల్2 కాష్ (తరచూ వాడేవాటిని దగ్గర ఉంచుకునే వేగమైన మెమరీ) మొదటి 64 ఎంబీకే పనిచేస్తుంది. విండోస్ 95 మెమరీని పై చివర నుంచి వాడుకుంటూ వస్తుంది కాబట్టి, కాష్ లేని భాగంలోనే ఎక్కువ పని జరుగుతుంది. సగం తీసేశాక విండోస్ చురుగ్గా కదిలింది.

వేగం

అసలు పని ఇక్కడుంది. తొలి ఐబీఎం పీసీ 4.77 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచేది, తర్వాతవి పెరుగుతూ పోయాయి. చాలా గేమ్‌లు గడియారాన్ని చూసుకుని నడుస్తాయి, వాటికి ఏ మెషీన్ అయినా ఒకటే. కొన్ని మాత్రం ఒక ఫ్రేమ్ గీయడం అవగానే ఇంకోటి గీసేస్తాయి. ప్రాసెసర్ ఎంత వేగంగా ఉంటే ఆ గేమ్ లోకంలో కాలం అంత వేగంగా పరిగెత్తుతుంది. వింగ్ కమాండర్ అలాంటిది. 386 (పెంటియంకు రెండు తరాల ముందు ప్రాసెసర్) మీద హాయిగా ఉంటుంది. పూర్తి 233 మీద పెట్టి ఆయనకు చూపించాను. ఉల్కల మధ్యకు వెళ్లగానే ఓడ పేలిపోయింది. శత్రువు ఎదురుగా కనిపించి, కన్ను మూసి తెరిచేలోపు వెనక ఉన్నాడు.

ఇలాంటి చోట వేగం తగ్గించే చిన్న ప్రోగ్రామ్‌లు కొన్ని ఉన్నాయి. అవి ప్రాసెసర్‌ను కాసేపు ఆపి, కాసేపు వదులుతాయి. సగటు వేగం తగ్గుతుంది కానీ కదలిక కుదుపులుగా ఉంటుంది. నాకు ఆ పద్ధతి నచ్చదు. హార్డ్‌వేర్‌లోనే తగ్గిస్తే కదలిక నున్నగా ఉంటుంది.

అందుకు మొదటి దారి ప్రాసెసర్ లోపలి ఎల్1 కాష్‌ను ఆపేయడం. సెట్‌మల్ అనే డాస్ ప్రోగ్రామ్‌తో ఒక్క కమాండ్ ఇస్తే చాలు. కాష్ ఆగితే ప్రతి ఇన్‌స్ట్రక్షన్ కోసం ప్రాసెసర్ బయటికి, 66 మెగాహెర్ట్జ్ బస్ (మెమరీకి వెళ్లే దారి) మీదికి రావాలి. 233 అంకె చిప్ మీద అలాగే ఉంటుంది, పని మాత్రం 386 స్థాయికి దిగిపోతుంది. టాప్‌బెంచ్ అనే వేగం కొలిచే ప్రోగ్రామ్ పెట్టి చూస్తే అది చూపించిన దగ్గరి పోలిక కూడా 386 మెషీనే. వింగ్ కమాండర్‌కు ఇది సరిగ్గా కుదిరింది.

అల్టిమా 7 దగ్గర చిక్కు వచ్చింది. దానికీ వేగానికి కళ్లెం లేదు, 486ల కాలపు గేమ్ అది. ఎల్1 ఆపితే మనిషి బురదలో నడుస్తున్నట్టు ఉంది. ఆపకపోతే ఊరంతా స్కేటింగ్. ఈ రెండింటికీ మధ్య వేగం కావాలి.

ఇక్కడ పనికొచ్చింది ముందు ప్యానెల్ మీది టర్బో స్విచ్, పాత మెషీన్లలో వేగాన్ని మార్చేందుకు ఉండేది. పెంటియం కాలానికి చాలా బోర్డుల మీద దానికి పనే లేదు, ఈ కేసులోనూ దాని వైరు ఊరికే వేలాడుతోంది. ఎంఎంఎక్స్ 233 తన మల్టిప్లయర్‌ను (బస్ వేగానికి ఎన్ని రెట్లు నడవాలో) రెండు పిన్నులు చూసి నిర్ణయించుకుంటుంది. రెండూ తెరిచి ఉంటే 3.5 రెట్లు. వాటిలో ఒకటి మూస్తే 2 రెట్లు, అంటే 133. ఈ బోర్డులో ఆ తేడాకు ఒక్క జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు) చాలు. టర్బో స్విచ్ వైరు తీసుకెళ్లి ఆ జంపర్ పిన్నులకు తొడిగాను. ప్రాసెసర్ ఈ పిన్నులను రీసెట్ సమయంలోనే చదువుతుంది, కాబట్టి స్విచ్ నొక్కాక రీసెట్ కొట్టాలి. ఆడుతుండగా నొక్కితే ఏమీ మారదు, ఏమీ చెడదు.

133 కూడా అల్టిమాకు ఎక్కువే. మిగతాది సెట్‌మల్ చూసుకుంది. పెంటియం ఒకేసారి రెండు ఇన్‌స్ట్రక్షన్లు నడపగలిగేది దాని రెండో పైప్‌లైన్ వల్ల. దాన్ని, బ్రాంచ్ ప్రెడిక్షన్‌ను (ప్రోగ్రామ్ తర్వాత ఎటు మళ్లుతుందో ముందే ఊహించే భాగాన్ని) ఆపేస్తే 486 చివరి తరం మెషీన్లకు దగ్గరగా వచ్చింది. ఇలా ముక్కముక్కగా ఆపుకునే వీలు పెంటియంలో ఉండటం వల్లే నేను ఈ ప్రాసెసర్‌ను వదల్లేదు. తర్వాతి తరాల్లో ఇంత నాజూకుగా సర్దుకోవడం కష్టం.

ఒక జాగ్రత్త. గేమ్ పోర్టు జాయ్‌స్టిక్ స్థానాన్ని ప్రోగ్రామ్ లూపులు లెక్కపెట్టి తెలుసుకుంటుంది. అంటే వేగం మారితే ఆ లెక్కా మారుతుంది. కాబట్టి కాష్ ఆపిన తర్వాతే కాలిబ్రేట్ చేయాలి, ముందు కాదు. ఈ ఒక్కటి మర్చిపోయి జాయ్‌స్టిక్ పాడైందనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

ఒకటి కావాలంటుంది, ఒకటి వద్దంటుంది

వింగ్ కమాండర్, అల్టిమా 7 రెండూ ఆరిజిన్ సంస్థవే. మెమరీ విషయంలో మాత్రం బద్ధ శత్రువులు. వింగ్ కమాండర్‌కు ఎక్స్‌పాండెడ్ మెమరీ ఇస్తే, అంటే ఈఎంఎం386 అనే మెమరీ డ్రైవర్ ఎక్కిస్తే, అదనపు బొమ్మలు చూపిస్తుంది. కాక్‌పిట్‌లో పైలట్ చెయ్యి స్టిక్ పట్టుకుని ఉంటుంది, మీరు జాయ్‌స్టిక్ ఎటు వంచితే ఆ చెయ్యి అటు కదులుతుంది. చాలామంది ఈ గేమ్‌ను ఏళ్లపాటు ఆ చెయ్యి చూడకుండానే ఆడారు. ఆయనా అంతే. మొదటిసారి ఆ చెయ్యి కదలడం చూసి, జాయ్‌స్టిక్‌ను నెమ్మదిగా ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు వంచుతూ చాలాసేపు ఉండిపోయారు. శత్రువులు కాలుస్తూనే ఉన్నారు, ఆయన పట్టించుకోలేదు.

అల్టిమా 7 దీనికి పూర్తి ఎదురు. దానికి సొంత మెమరీ మేనేజర్ ఉంది. అది ప్రాసెసర్‌ను తనకు కావాల్సిన మోడ్‌లోకి తెచ్చుకుంటుంది. ఈఎంఎం386 అప్పటికే అక్కడ కూర్చుని ఉంటే గేమ్ మొదలవ్వదు. ఈఎంఎం386 లేకపోతే డ్రైవర్లను పై మెమరీలోకి పంపే వీలూ ఉండదు, అన్నీ డాస్ మామూలుగా వాడే 640 కేబీలోనే సర్దుకోవాలి. అందుకని మెషీన్ మొదలయ్యేటప్పుడు కనిపించే బూట్ మెనూలో, అల్టిమా వరుసలో, సీడీ డ్రైవర్‌ను పూర్తిగా వదిలేశాను, ఫ్లాపీ గేమ్‌కు దానితో పనిలేదు. మౌస్‌కు చిన్న డ్రైవరైన క్యూట్‌మౌస్ వాడాను. హైమెమ్ అనే డ్రైవర్ ఒక్కటి ఉంచి డాస్‌ను హై మెమరీకి పంపాను.

కాబట్టి బూట్ మెనూలో మూడు వరుసలు, గేమ్ పేర్లతోనే. ఏ వరుస ఎంచుకుంటే దానికి తగిన మెమరీ, దానికి తగిన సెట్‌మల్ కమాండ్ వాటంతట అవే వస్తాయి. విండోస్ 95 తనంతట తాను మొదలవకుండా ఎంఎస్‌డాస్ సెట్టింగ్ ఫైల్‌లో ఆపి ఉంచాను. క్వేక్ వరుస ఎంచుకుంటేనే అది తెరుచుకుంటుంది.

ధ్వని, నా తప్పు

సౌండ్ కార్డు ఐఎస్‌ఏ అనే పాత స్లాట్ రకం సౌండ్ బ్లాస్టర్ 16, సంగీతం పుట్టించే అసలైన యమహా ఓపీఎల్3 చిప్ ఉన్నది. పోర్ట్ 220, ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే ఇంటరప్ట్ లైను) 5, డీఎంఏ (మెమరీ నుంచి కార్డు నేరుగా డేటా తీసుకునే దారి) 1, హై డీఎంఏ 5. ఎప్పుడూ పెట్టేవే. అల్టిమా 7 మొదలుపెట్టాను. సంగీతం చక్కగా వచ్చింది. గేమ్‌లోని విలన్ గార్డియన్ మాట్లాడాల్సిన చోట మాత్రం మొదటి ముక్క దగ్గరే తట్టుకుని అదే మళ్లీ మళ్లీ.

ఓపీఎల్ సంగీతానికి ఇంటరప్ట్ అక్కర్లేదు. రికార్డు చేసిన గొంతుకు కావాలి. బఫర్‌లోది అయిపోయింది, తర్వాతి ముక్క పంపమని కార్డు అడిగేది ఆ ఇంటరప్ట్ ద్వారానే. సంగీతం వచ్చి గొంతు ఆగిందంటే ముందు చూడాల్సింది ఐఆర్‌క్యూ. ఇది తెలిసి కూడా కార్డు మీది జంపర్లతో, డీఎంఏ సెట్టింగులతో పూట గడిపేశాను. కారణం నేనే. ఫైల్స్ పంపడం సులువవుతుందని మధ్యలో ఒక పీసీఐ నెట్‌వర్క్ కార్డు పెట్టాను. బయోస్ వెళ్లి దానికి ఐఆర్‌క్యూ 5 ఇచ్చేసింది. బయోస్‌లో పీఎన్‌పీ (కార్డులకు ఐఆర్‌క్యూలు పంచే) పేజీకి వెళ్లి 5ను లెగసీ ఐఎస్‌ఏకు, అంటే పాత రకం కార్డులకు, కేటాయించగానే గార్డియన్ గొంతు పూర్తిగా వినిపించింది. అప్పటినుంచి, పని మధ్యలో కొత్త కార్డు పెడితే వెంటనే ఐఆర్‌క్యూల పట్టిక చూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

క్వేక్‌లో ఇంకో మౌనం. తుపాకీ శబ్దాలు వస్తున్నాయి, సంగీతం లేదు. క్వేక్ సంగీతం ఫైల్స్‌లో ఉండదు, సీడీ మీద మామూలు ఆడియో ట్రాకులుగా ఉంటుంది. డ్రైవ్ దాన్ని తనే ప్లే చేసి, వెనక నుంచి ఒక సన్నటి నాలుగు పిన్నుల వైరు ద్వారా సౌండ్ కార్డుకు పంపుతుంది. ఎప్పుడో డ్రైవ్ మార్చినవాళ్లు ఆ వైరును తిరిగి పెట్టలేదు. వైరు పెట్టి, మిక్సర్‌లో సీడీ వాల్యూమ్ పెంచాను, అంతే. డ్రైవ్ ముందున్న హెడ్‌ఫోన్ రంధ్రంలో పాట వినిపించి స్పీకర్లలో రాకపోతే, లోపం ఆ వైరులోనో మిక్సర్‌లోనో ఉన్నట్టే.

క్వేక్, తెర

3డీ కోసం 4 ఎంబీ వూడూ గ్రాఫిక్స్ కార్డు పెట్టాను. వూడూ2 కూడా నా దగ్గర ఉంది. కానీ తొలి డాస్ గ్లైడ్ (వూడూ కార్డులతో మాట్లాడే పద్ధతి) గేమ్‌లు కొన్ని మొదటి వూడూ కోసమే రాసినవి, ఆయన పెట్టెలో అలాంటి సీడీలు ఇంకో రెండు కనిపించాయి. మామూలు వీజీఏ కార్డు నుంచి ఒక కేబుల్ వూడూలోకి, వూడూ నుంచి మానిటర్‌కు. జీఎల్‌క్వేక్ (క్వేక్‌కు 3డీ కార్డు రూపం) మొదలవగానే ఈ కార్డులోని రిలే అనే చిన్న స్విచ్ టిక్కుమంటుంది, బొమ్మ ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు మారుతుంది. ఆ చప్పుడు వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఈ భాగంలో ఇబ్బందేమీ రాలేదు.

తెర విషయంలో నాది గట్టి అభిప్రాయం. సీఆర్‌టీ పనిచేస్తుంటే దాన్నే ఉంచండి. 320 బై 200 బొమ్మ 70 హెర్ట్జ్‌లో వస్తుంది, 4:3 తెర నిండా పరుచుకోవాలి. వెడల్పు ఎల్‌సీడీ మీద మనుషులు పొట్టిగా, లావుగా అవుతారు. 60 దగ్గరే నిలిచే తెరల మీద స్క్రోలింగ్ తడబడుతుంది. ఆయన మానిటర్ కాస్త మసకబారింది కానీ వాడుకోవచ్చు. లోపల హై ఓల్టేజీ ఉంటుంది కాబట్టి దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ విప్పొద్దని చెప్పాను.

అప్పగించాక

వింగ్ కమాండర్‌లో సేవ్‌లు బ్యారక్స్ గదిలోని మంచాలు. ఆయనే వచ్చి కూర్చుని ఒక మంచం మీద క్లిక్ చేశారు. తాను కుర్రాడిగా ఉన్నప్పుడు పెట్టుకున్న కాల్‌సైన్ (పైలట్ మారుపేరు) తెర మీద కనిపించింది. దాన్ని పైకి చదివారు, ఇంకేం మాట్లాడలేదు. నేను టేబుల్ సర్దుకుంటూ కాసేపు అవతలికి వెళ్లాను.

కేసు లోపలి గోడకు ఒక కాగితం అతికించాను: ఐఆర్‌క్యూల పట్టిక, జంపర్ల బొమ్మ, గడియారం చిప్ మార్చిన తేదీ. ముందు వైపు స్విచ్ పక్కన చిన్న లేబుల్, అల్టిమాకు లోపలికి నొక్కి రీసెట్, క్వేక్‌కు బయటికి తీసి రీసెట్ అని. వింగ్ కమాండర్‌కు ఎటున్నా ఫర్వాలేదు, కాష్ ఆగాక మల్టిప్లయర్ తేడా పెద్దగా కనిపించదు.

రెండు పనులు మిగిలాయి. అల్టిమా 7 ఫ్లాపీల్లో ఒకటి ఇంకా పూర్తిగా చదవబడలేదు. హార్డ్ డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేసి ఉన్న కాపీ పూర్తిగా ఉంది కాబట్టి ఆటకు లోటు లేదు. కానీ సెట్ మొత్తం ఇమేజ్‌లుగా ఉండాలని నా పట్టుదల, ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడాలి. రెండోది జాయ్‌స్టిక్. అడ్డం కదలికను కొలిచే పొటెన్షియోమీటర్ మధ్యలో అరిగిపోయింది, వదిలేసినా ఓడ కొంచెం కుడికి లాగుతోంది. కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేస్తే కొన్ని రోజులు ఆగింది, మళ్లీ మొదలైందట. వచ్చే వారం తెస్తానన్నారు. అదే విలువ ఉన్న పొటెన్షియోమీటర్ తీసి పెట్టాను, కడ్డీ పొడవు సరిపోతుందో లేదో అది వచ్చాక చూడాలి.